మరకలు వేరు, కంపు వేరు

ఆవిడ లాడ్జి దుప్పట్లు ఉతికేది. అందరికీ ఛీఛీ పిన్ని. లోకుల మురికి ఉతికి బతికే మనిషికి అంత రోతేమిటో గానీ, దుప్పటిలో ఒక్క వెంట్రుక కనిపించినా ఛీఛీ అంటూ అవతలికి విసిరేసేది. అయినా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లాడ్జి పనితోనే.

ఆ వేసవిలో పెరట్లో ఆరేసిన తెల్లదుప్పట్ల మీద జిగట మరకలు పడసాగాయి. నిండా గింజలు, పైగా పులిసిన వాసన. ఇంకోసారి ఇలా తెస్తే వేరేవాళ్ళను చూసుకుంటానని మేనేజరు మొహం మాడ్చుకుని చెప్పాడు.

ఇస్త్రీ గది రేకులకూ చెక్క కప్పుకూ మధ్య బొటనవేలంత గబ్బిలాలు కాపురముంటున్నాయి. రోజూ గోడవార నల్లటి రెట్ట. పేరులోనే గబ్బు పెట్టుకున్న జాతి, ఇంక సాక్ష్యమెందుకు? పిన్ని మేస్త్రీ మరిదిని పిలిచి సందు పూడ్చమంది.

అతను నిచ్చెనెక్కి అరచేతిలో రెట్ట పట్టుకుని దిగాడు.

"చూడొదినా, పొడిపొడిగా రాలుతోంది. ఈ మెరిసేవి పురుగుల రెక్కలు. ఇవి దోమల్నీ పురుగుల్నీ తినే రకం, పండు ముట్టవు. నీ దుప్పట్లు పాడుచేసేది పెరట్లో అత్తిచెట్టు మీదికొచ్చే పెద్ద గబ్బిలాలు. కుక్కమూతి, ఇంతింత కళ్ళు. రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తాయి. నువ్వు బట్టలారేసే తీగ ఆ చెట్టుకు దూరంగా కట్టుకుంటే సరిపోతుంది."

"ముందా చెయ్యి దూరంగా పెట్టు, వాంతొస్తోంది. గబ్బిలమంటే గబ్బిలమే. అందులో మళ్ళీ రకాలొకటి."

"పోనీ సాయంత్రం అవి బయటికెళ్ళాక పూడుస్తా."

"ఇప్పుడే పూడ్చు. ఇంకొక్క పూట కూడా అవి నా నెత్తిమీద ఉండటానికి వీల్లేదు."

వదిన మొండిపట్టు తెలిసినవాడు కనుక సిమెంటు మెత్తి వెళ్ళిపోయాడు.

రేకుల వేడికి అవన్నీ పిల్లలతో సహా లోపలే మాడి చచ్చాయి. చెక్కల సందుల్లోంచి ఏదో కారి గోడ మీద చారలు కట్టింది. ఆ కుళ్ళు కంపు మడతపెట్టిన ప్రతి దుప్పటికీ పట్టుకుంది. పిన్ని ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్ళీ మళ్ళీ ఉతికింది, సెంటు చల్లింది. కంపూ సెంటూ కలిసి ఇంకా రోతగా తయారయ్యాయి. తీగ మాత్రం మార్చలేదు, మరకలూ ఆగలేదు.

లాడ్జిలో మేనేజరు మూటలో పైనున్న దుప్పటి విప్పి, ముక్కు మూసుకుని, మూట మొత్తం గుమ్మం బయటికి నెట్టాడు.

"మరకైతే పరుపు కిందికి దోపి ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి పిన్నీ. ఈ కంపు మీద ఎవర్ని పడుకోబెట్టమంటావు? రేపట్నుంచి రాకు."