గోరు మీద నిలవని పాలు

మీరే చెప్పండి, పుట్టి బుద్ధెరిగాక పాలలో చుక్క నీళ్లు కలపని మనిషిని పట్టుకుని అంత మాటంటే ఒళ్లు మండదా? మా మేనత్తకి మండింది.

అత్తకి ఒక జెర్సీ ఆవు ఉండేది. ఇచ్చేది కొంచెమే అయినా పాలు చిక్కగా, పచ్చగా ఉండేవి. అత్త పాలు పోసే టీకొట్టతను నీళ్లు కలిశాయేమోనని రోజూ బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకు చూసేవాడు. అది జారకుండా నిలబడేది.

అత్త తన కూతురి పురిటికి వెళ్లొచ్చేసరికి కొట్టంలో జెర్సీ లేదు. మామయ్య దాన్ని పక్క వీధి మేస్త్రీకిచ్చి, బదులుగా అతని నల్లమచ్చల హెచ్‌ఎఫ్ జాతి ఆవుని తెచ్చి కట్టేశాడు. అది బకెట్ నిండా ఇస్తుంది గానీ పాలు పలచన.

మర్నాడు టీకొట్టులో చుక్క గోరు మీంచి జారిపోయింది.

"ఏంటక్కా, నువ్వు కూడా నీళ్లు మొదలెట్టావా?" అన్నాడతను నలుగురి ముందూ.

అత్త ఆ పాల క్యాను వెనక్కి తెచ్చి మామయ్య ముందు ఠపీమని దించింది.

"బకెట్ నిండింది కదే, ఇంకేం కావాలి?"

"మీ బుర్ర నిండలేదు, అదీ నా ఖర్మ! నన్నడక్కుండా నా ఆవునెలా ఇచ్చారు?"

"ఈ ఆవు పాలింతేనని వాడికి చెప్పు, సరిపోతుంది."

"మీరే చెప్పండి. దొంగ పేరు నాకొచ్చింది!"

జెర్సీని తెచ్చి, పితికి, సాయంత్రానికల్లా టీకొట్టుకి పాలు పోసొస్తానని హెచ్‌ఎఫ్ పలుపు పట్టుకుని బయల్దేరింది. మేస్త్రీ జెర్సీని ఇవ్వనంటున్నాడు. అత్త కేకలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. పొద్దున పాలు ఒంపేసిన టీకొట్టు క్యాను సాయంత్రమైనా గుమ్మంలో ఖాళీగానే ఉంది.