ముందు గడప దాటినవాళ్లు

నా చిన్నప్పుడు మేము ఐర్లండ్‌లో, కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో ఉండేవాళ్లం. నాన్న పోయాక అమ్మ నన్ను ఒంటరిగానే పెంచింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, తను పనిచేసే మందుల ఫ్యాక్టరీలోనే ఇంజనీరుగా ఉన్న ఒకాయనను పెళ్లి చేసుకుంది. ఆయన నెమ్మదైన మనిషి. అయినా నేను ఆయనను అంకుల్ అనేదాన్ని, అదీ తప్పనిసరైతేనే. ఆయనకు నాకంటే నాలుగేళ్లు పెద్దదైన కూతురు ఉంది. తల్లి లేని ఆ పిల్ల వరంగల్‌లో నానమ్మ దగ్గర పెరిగింది. వీసా రాగానే, సాయంత్రాలు తొందరగా చీకటిపడే రోజుల్లో మా ఇంటికి వచ్చింది.

చుట్టాలందరూ ఫోన్లో నాకు ఒకటే మాట చెప్పారు, ఇక నుంచి తను నీకు అక్క, తను చెప్పినట్టు వినాలని. అప్పటిదాకా ఆ ఇంట్లో పిల్లనంటే నేనొక్కదాన్నే. ఇప్పుడు నా గదిలో సగం, నా బట్టలుండే బీరువాలో సగం తనవైపోయాయి. తనకు మాత్రం అవేవీ పట్టినట్టు లేదు. అన్నం కెలికి వదిలేసేది. స్కూలు నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకునేది. ఎవరైనా పలకరిస్తే, నానమ్మ దగ్గరికి ఎప్పుడు పంపుతారని అడిగేది.

అమ్మావాళ్లు ఇంటికొచ్చేదాకా మమ్మల్ని పక్కింటి ఆంటీ చూసుకునేది. ఆవిడది విజయవాడ. వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పొద్దున షిఫ్టు చేసుకుని మా ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి ఫోన్లో చైనా కథలు చదివేది. మనుషులు కొండల మీద ఏళ్ల తరబడి సాధన చేసి, ఆయుష్షు పెంచుకుని, కత్తి మీద నిలబడి ఆకాశంలో తిరిగే కథలు. పోపు వేస్తూ వాటిని మాకు తెలుగులో చెప్పేది. ఆ సాధకుల కూటమిని ఆవిడ పీఠం అనేది. కొత్తగా చేరినవాళ్లు బయటి శిష్యులు, నీళ్లు మోయాలి, మెట్లు ఊడవాలి. పరీక్షల్లో నెగ్గితే లోపలి శిష్యులవుతారు. గురువు స్వయంగా చేరదీసినవాళ్లు వాళ్లకూ పైన. అందరికీ పైన పీఠాధిపతి.

ఒకరోజు హీటర్ పక్కన కుర్చీ కోసం మా ఇద్దరికీ గొడవైంది. అది ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీ. పెద్దదాన్ని నేను కాబట్టి నాదే అంది తను. ఆంటీ స్టవ్ కట్టేసి మా మధ్యకు వచ్చి కూర్చుంది. పీఠంలో వయసు లెక్కలోకి రాదని చెప్పింది. ఎవరు ముందు గడప దాటి లోపలికొస్తే వాళ్లే పెద్ద. యాభై ఏళ్లవాడైనా సరే, తనకంటే ముందు చేరిన పిల్లవాణ్ణి అన్నా అనాల్సిందే. ఈ దేశానికీ, ఈ ఇంటికీ ముందు వచ్చింది నేను. నా మొహం వెలిగిపోయింది.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది నాకన్న చిన్నది ఆంటీ. దాన్ని నేనెట్ల అక్కా అంట?" అంది.

"నువ్వేం అనక్కర్లేదమ్మా. అనిపించుకోవాల్సింది అది," అంది ఆంటీ. అప్పుడు నావైపు తిరిగి మిగతా నియమం చెప్పింది. తర్వాత వచ్చినవాళ్లు ఏదైనా పొరపాటు చేస్తే, గురువు ముందు మోకరిల్లాల్సింది పెద్ద శిష్యురాలేనట. వాళ్లకు దారి చూపలేదన్న తప్పు ఆవిడదే అవుతుందట. నాకు ఆ నియమం ఏమాత్రం నచ్చలేదు. కుర్చీ మాత్రం వదల్లేదు.

కొద్దిరోజుల తర్వాత అంకుల్‌కి షిఫ్టు మారింది. రోజూ స్కూలు నుంచి కారులో తెచ్చి దింపి వెళ్లే ఆయన, ఆవేళ బస్సెక్కి వచ్చేయమని కూతురికి చెప్పారు. ఆంటీ, నేను గొడుగేసుకుని స్టాపులో నిలబడ్డాం. బస్సు వచ్చింది, తను దిగలేదు. తర్వాతి బస్సులోనూ లేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆంటీ అంకుల్‌కి ఫోన్ చేసింది. గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, చెప్పాలా అని వాళ్లు మాట్లాడుకున్నారు. నిన్నటిదాకా తను వెళ్లిపోతే బాగుండునని అనుకున్నదాన్ని, ఎదురుగా వచ్చే ప్రతి బస్సు కిటికీలోనూ తన మొహం కోసం వెతికాను.

చివరికి తను దిగింది, నిలువునా తడిసిపోయి. నంబరు చూసిందే గానీ, ఆ నంబరు బస్సు రెండు వైపులా తిరుగుతుందని తనకు తెలియదు. ఎదురుదిక్కు బస్సెక్కి సిటీ దాటి అవతల ఎక్కడికో వెళ్లిపోయింది.

మేం ఇంటికి చేరేసరికి అంకుల్ వంటింట్లో ఉన్నారు, భయంతో మొహం పాలిపోయి. ఆ భయమంతా కోపమై బయటపడింది. ఇంత పెద్దదానివి, ఎవర్నైనా అడగాలని తెలియదా అని అరిచారు. ఆయన అరవడం నేను చూడటం అదే మొదటిసారి. తను తల వంచుకుని నిలబడింది. నాకేమైందో తెలియదు, వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"తనను ఏమీ అనకండి. ఏ సైడ్ ఎక్కాలో నేను చెప్పలేదు. నేను సీనియర్‌ని," అన్నాను.

పక్కన ఏదో కదిలినట్టయి చూస్తే, తడి కోటుతోనే తనూ మోకాళ్ల మీద కూర్చుంది, నా భుజానికి భుజం ఆనించి. ఆయన కూడా నేల మీదికి కూలబడిపోయారు. బస్సు సంగతి చెప్పాల్సింది తండ్రిగా తానేనని, తనకే తోచలేదని అంటూ ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నారు. ఆ రాత్రి తను అన్నం పూర్తిగా తిన్నది.

మర్నాడు పొద్దున నేను తనతో స్టాపు దాకా నడిచాను. రోడ్డు దగ్గర ఆగి, నావైపు చూడకుండానే అడిగింది: "ఎటు దిక్కు ఎక్కాలె, అక్కా?"

చాలా ఏళ్ల తర్వాత, ఆ మోకరిల్లే నియమం ఏ కథలోదని ఆంటీని అడిగాను. ఆవిడ పెద్దగా నవ్వింది. "ఆ కథల్లో సీనియర్లు సగం మంది దుర్మార్గులేనే. కొత్తవాళ్ల దగ్గరున్న ఆయుష్షు పెంచే మందుగుళికలు లాక్కుని, కొండమీంచి తోసేస్తారు. అట్లాంటివి మీకెట్లా చెప్పేది? నేనే మార్చేశా."

నేనిప్పుడు ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ల పొరపాటుకు పైవాళ్లు కోప్పడితే, వాళ్ల కంటే ముందు నేనే లేచి నిలబడతాను. అది ఆవిడ కల్పించిన నియమమని తెలిసినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో కూడా అంతే. నాలుగేళ్లు పెద్దదైన ఆ మనిషి పిల్లలు నన్ను పిన్నీ అనాలి. పుట్టినప్పటి నుంచీ వాళ్లు నన్ను పెద్దమ్మా అనే పిలుస్తున్నారు.