ఆరిపోవలసిన చుట్ట

సూర్యకాంతమ్మ చుట్ట కాల్చడం మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నిప్పున్న కొనని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, చేపల బుట్ట దింపుకుంటూ నాతో తాపీగా బేరం మాట్లాడింది. నేను గోదావరి లంకల్లో పొగాకు పండించే ఇంట్లో పుట్టినదాన్ని. తాత చుట్ట, నాన్న చుట్ట, పెదనాన్న చుట్ట చూస్తూ పెరిగాను. నాకు పొగ కొత్త కాదు గానీ, నిప్పుని నోట్లో దాచుకునే మనిషిని చూడడం మాత్రం అదే మొదలు.

"నోరు కాలదా?" అన్నాను.

"కాలితే మానీమంటావా?" అంది. "సముద్రం గాలికి పైన నిప్పు నిలబడదమ్మా. లోపలెట్టుకుంటే ఎవులు ఆర్పుతారు?"

దాన్ని అడ్డపొగ అంటారు. ఆ పేటలో ఆడవాళ్ళంతా అలాగే కాలుస్తారు. నిప్పురవ్వ చీర మీద పడదు, వల మీద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నాకు నచ్చకపోతే ఎవరికి లోటు? కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

ఇది తొంభై నాలుగు నాటి మాట. మా ఆయనకి పోర్టులో క్రేన్ మీద ఉద్యోగం. ఫిషింగ్ హార్బరు వెనకున్న పేట అంచున ఒక పెంకుటింట్లో అద్దెకి దిగాం. మా అరుగుకి ఎదురరుగు సూర్యకాంతమ్మది. ఆమె తెల్లవారకముందే హార్బరులో వేలంపాటకి వెళ్ళేది. బుట్ట నెత్తికెత్తుకుని మహారాణిపేట దాకా వీధివీధీ తిరిగి మూడింటికి ఇల్లు చేరేది. ముప్పై ఏళ్ళు అలా తిరిగిన మనిషి. మాట కరుకు, తూకం నిజాయితీ. "పద్మమ్మా, ఈ సేప నీకొద్దు, నిన్నటిది" అని తన సరుకుని తానే తిట్టి వెళ్ళిపోయేది.

నాకూ ఆమెకీ స్నేహం కలిపింది పొగాకే. వేసవిలో పుట్టింటి నుంచి ఒక కట్ట లంకాకు తెచ్చి ఇచ్చాను. ఆమె ఒక ఆకు విప్పి, మడిచి, విరగలేదని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "బెల్లం వాసనొత్తంది" అంది. ఆకు తెలిసిన మనిషే అనుకున్నాను. ఆ తరవాత రోజూ నాలుగింటికి ఆమె అరుగు మీద మా ముగ్గురి సభ. సూర్యకాంతమ్మ, పక్కింటి నారాయణమ్మ, నేను. చుట్టలు చుట్టడం నారాయణమ్మ పని. ఈనె తీసి, లోపలి ఆకు పేర్చి, తొడ మీద దొర్లించి, దారం కట్టి ఇచ్చేది. నేను కాల్చేదాన్ని కాను, ఆకుకి వంక పెట్టేదాన్ని. వాళ్ళిద్దరూ నోట్లో నిప్పుతో ఊరందరినీ ఆడిపోసుకునేవారు. నా పెళ్ళయ్యాక అంత హాయిగా నవ్విన సాయంత్రాలు అవే.

సూర్యకాంతమ్మ మొగుడి పేరు గురువులు, బోటు డ్రైవరు. మగాళ్ళలా నిప్పు బయటికి ఉంచే కాల్చేవాడు. అతను వేట నుంచి వచ్చే వేళకి ఆమె ఒక చుట్ట తన నోట్లోనే రాజేసి, తిప్పి, అరుగు అంచున ఆల్చిప్ప మీద పెట్టేది. అతను కాళ్ళు కడుక్కుని, అంచున కూర్చుని అందుకునేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ముద్దూమురిపెం ఏదైనా ఉంటే నేను చూసింది అదే.

తొంభై ఎనిమిది నవంబరులో వాయుగుండం పట్టింది. అప్పటికి గురువులు బోటు సముద్రంలో ఉంది. వారానికి బోటు చెక్కలు భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బోటులో ఉన్న ఐదుగురిలో నలుగురి శవాలు దొరికాయి. గురువులు దొరకలేదు.

శవం దొరకకపోతే గడ్డితో మనిషి బొమ్మ చేసి కర్మ జరిపిస్తారు. భార్య గాజులు తీయాలి. కులపెద్దలు ఆ మాట ఎత్తగానే సూర్యకాంతమ్మ ఒప్పుకోలేదు. మర్నాడు నాలుగింటికి ఎప్పటిలాగే చుట్ట రాజేసి ఆల్చిప్ప మీద పెట్టింది. నారాయణమ్మా నేనూ పక్కనే కూర్చున్నాం. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఆమె లోపలికెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చింది. కాసేపటికి ఆ చుట్టని చేతిలోకి తీసుకుని మాకు చూపించింది. ఆరిపోయి ఉంది.

"సచ్చినోడికి పెద్దదినం నాడు సుట్ట ఎలిగించి పెడతాం గదా," అంది. "ఒచ్చి పీల్సుకుంటాడు. సివరికంటా కాలిపోద్ది. ఈయనకి పెడితే ఆరిపోనాది. పీల్సడానికి రానేదు. రానేదంటే బతికున్నాడనే గదా."

వాళ్ళలో ఆ ఆచారం ఉన్నమాట నిజం. విస్తట్లో అన్నం, చేపల పులుసు, పక్కన కల్లు, వెలిగించిన చుట్ట పెడతారు. చుట్ట మొత్తం కాలితే పోయినవాడు తృప్తిపడ్డట్టు, ఆరితే అలిగినట్టు. ఆమె ఆ లెక్కని తిరగేసుకుంది. ఎవరూ పీల్చకుండా పక్కన పెట్టిన చుట్ట ఎవరిదైనా ఆరుతుందని మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

ఆ రోజు నుంచి రోజూ నాలుగింటికి అదే తంతు. చుట్ట ఆరేదాకా ఎవరం మాట్లాడేవాళ్ళం కాము. ఆరాక సూర్యకాంతమ్మ గట్టిగా ఊపిరి వదిలి తన చుట్ట వెలిగించుకునేది. గాజులు ఇంకో డజను వేయించుకుంది.

ఆమె అత్త రామలక్ష్మమ్మ అదే సందు చివర పెద్దకొడుకు దగ్గర ఉండేది. ఒకనాడు కర్ర పోటేసుకుంటూ వచ్చి అరుగు ముందు నిలబడింది.

"రేత్రి మళ్ళీ ఒచ్చినాడే," అంది కోడలితో. "తడిబట్టల్తోటి వాకిట్లో నిలబడతన్నాడు. ఆకలి అంటన్నాడు. పిండం పెట్టకుండా నా కొడుకుని ఎన్నాళ్ళిలాగ తిప్పుతావే?"

"నీ కొడుకు ఏ ఒడిశా రేవులోనో ఉన్నాడు. ఒత్తాడు. బతికున్నోడికి పిండవేటి?" అంది సూర్యకాంతమ్మ. ముసలావిడ ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఈమె ఏడవలేదు.

ఏడాది తిరిగాక పెద్దలు మళ్ళీ వచ్చారు. సూర్యకాంతమ్మ వాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి చుట్ట వెలిగించి పెట్టింది. ఆరుగురు మగాళ్ళు ఊపిరి బిగబట్టి ఒక చుట్టని చూస్తూ కూర్చున్నారు. అది ఆరింది. శ్రీరామ్మూర్తి అనే పెద్దాయన కొనని వేలితో ముట్టి చూశాడు. చల్లగా ఉంది కాబోలు, మిగతావాళ్ళకేసి చూసి తల ఊపాడు. "ఇంకో ఏడు సూద్దాం" అని లేచారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి నారాయణమ్మ ఆకు కోసం మా ఇంటికొచ్చింది. కట్ట అందుకుంటుంటే ఆమె బొటనవేలూ చూపుడువేలూ కనిపించాయి. చివర్లు నల్లబడి, తోలు లేచి, మళ్ళీ గట్టిపడి ఉన్నాయి. అడ్డపొగ కాల్చేవాళ్ళకి నోరు పాడవుతుంది గానీ వేళ్ళు కాలవు.

"ఇదేమిటి?" అన్నాను.

ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. నేను వదల్లేదు. తలుపు వేసి కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు చెప్పింది.

"మొదటి రోజే సుట్ట ఆరనేదు పద్మమ్మా. సూర్యకాంతమ్మ లోపలికెల్లి నీకు మంచినీళ్ళు తెచ్చినాది సూడు, అప్పుడు. సుట్ట ఎర్రగా అయింది, ఆగింది. మళ్ళీ ఎర్రగా అయింది. నాకు బయమేసి నలిపీసినాను."

"గాలి తగిలి ఉంటుంది."

"గాలికి ఎలాగవుద్దో నాకు తెల్దా? ఇది మనిషి లాగినట్టే. మూడు దమ్ములు లాగి ఆగడం, గురువులు బావకి అలవాటు. పొగ సుట్ట కాడి నుంచి రాదు. ఇక్కడి నుంచి ఒత్తాది." నారాయణమ్మ నేల మీద కూర్చునే ఉంది. చెయ్యి ఎత్తి తన మూతికి కొంచెం పైన గాల్లో చూపించింది. కూర్చున్న మగాడి నోరు ఉండే ఎత్తు అది.

మర్నాటి నుంచి గురువులు చుట్టని ఆమె తడి ఆకుతో చుట్టడం మొదలుపెట్టిందట. ఒక్కోరోజు తడిది కూడా ఆరకుండా కాలిపోయేదట. అప్పుడు సూర్యకాంతమ్మా నేనూ ఇటు తిరిగేలోపు వేళ్ళతో నలిపేసేదట. "అది గాజులు తీసిన్నాడు బతకదు. అందుకే" అంది.

నేను నమ్మలేదు. భయపడ్డ కళ్ళకి తాడు పామవుతుందని కోప్పడి పంపించేశాను. ఆ వారమంతా మా వంటింటి గడప మీద పొడి లంకాకు చుట్టలు వెలిగించి పెట్టి చూశాను. ఆరు పెడితే ఆరూ పాలు పొంగేలోపే ఆరిపోయాయి. నాకు ధైర్యం వచ్చింది. ధైర్యంతోపాటు పొగరు కూడా వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం నవంబరులో నారాయణమ్మ కూతురి పురిటికి తగరపువలస వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు తడిగుడ్డలో చుట్టిన చుట్టలు నా చేతిలో పెట్టింది. "బావకి ఈటినే ఇయ్యి. నీ కాళ్ళట్టుకుంటాను, పొడిది ఇవ్వకు" అంది.

నేను పొడిదే ఇచ్చాను. ఆకు ఎంచి, స్వయంగా చుట్టి మరీ ఇచ్చాను. అది ఎలాగూ ఆరుతుంది, నారాయణమ్మ పిచ్చి వదులుతుంది, పాపం వేళ్ళు కాల్చుకోవడం మానేస్తుంది అనుకున్నాను.

ఆ రోజు గాలి పడిపోయింది. సందులో ఆరేసిన వలలు కూడా కదలడం లేదు. సూర్యకాంతమ్మ చుట్ట నోట్లో రాజేసి, తిప్పి, ఆల్చిప్ప మీద పెట్టింది. నారాయణమ్మ కూర్చునే చోట నేను కూర్చున్నాను. ఆరడం కోసం చూస్తున్నాం.

నిప్పు సన్నగిల్లింది. నేను మనసులో నవ్వుకున్నాను. అప్పుడు అది ఎర్రబడింది. తగ్గింది. ఎర్రబడింది. తగ్గింది. మూడోసారి ఎర్రబడి ఆగిపోయింది. చుట్ట దగ్గర పొగ లేదు. అరుగు అంచున, నా భుజానికి కొంచెం పైన, ఏమీ లేని చోటి నుంచి పొగ బయటికొచ్చి పల్చబడింది. లంకాకు వాసన నా మొహానికి తగిలింది.

సూర్యకాంతమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. నేను చెయ్యి చాపాను. నలిపేయాలనే చాపాను. మణికట్టు మీద చల్లటి నీటిచుక్క ఒకటి పడింది. తర్వాత ఇంకొకటి. పైన చూరుంది, ఆకాశంలో మబ్బు లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మళ్ళీ మూడు, మళ్ళీ మూడు. బూడిద వేలెడు పొడుగు పెరిగి రాలింది. ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ చుట్ట చివరికంటా కాలింది. ఆల్చిప్ప మీద చుట్టకి కట్టిన దారం ఒక్కటే మిగిలింది.

సూర్యకాంతమ్మ నాకేసి తిరిగింది. "ఇన్నాళ్ళూ ఎందుకారిపోనాది?" అని అడిగింది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అబద్ధం చెప్పడానికి ఆ క్షణంలో నాకు బుర్ర కూడా పనిచేయలేదు. తడి ఆకు సంగతి, నారాయణమ్మ వేళ్ళ సంగతి, ఇవాళ నేను చేసిన పని, అన్నీ చెప్పేశాను. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గు వేసింది.

"అంటే మొదటి రోజు నుంచీ ఒత్తన్నాడు," అంది నెమ్మదిగా. "రోజూ ఒచ్చి ఇక్కడ కూకున్నాడు. నోటికాడికి ఎల్లినదాన్ని ఆర్పీసినాం. ఆరిపోతే నాను ఊపిరి పీల్సుకునీదాన్ని. ఆయన సూత్తానే ఉన్నాడు గదా."

నేను ఏదో అనబోయాను. "నారాయణమ్మని ఏటీ అనకు. నాకోసం సేసినాది," అంది.

అరుగు అంచుని, ఎవరూ లేని ఆ చోటుని, అరచేత్తో ఒకసారి తుడిచింది. చెయ్యి తడిసింది కాబోలు, చీరకి అద్దుకుంది. గాజులు తీయలేదు, ఏడవలేదు. లేచి సందు చివరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

రామలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సూర్యకాంతమ్మ ఆమె ముందు చతికిలబడింది. అరుగు ముందు ఆ గొడవయ్యాక ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"అత్తా," అంది. "రెండేళ్ళయి నీ కొడుకు ఏటీ తిననేదు. ఇంకో సోలెడు బియ్యం ఎక్కువ పొయ్యి."

ముసలావిడ ఆమె మొహం చూసింది. లోపలికి వెళ్ళి సోల తెచ్చింది.