మావయ్య ఏడుపు

మావయ్య పోయాడని ఫోన్ వచ్చినప్పుడు దువ్వాడలో మా ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. మా జాలరిపేటలో ఆయన ఇంటికి చేరేసరికి వీధి నిండా జనం. సినిమావాళ్ళు ఒక్కరూ రాలేదు. సినిమాలు చూసేవాళ్ళు మాత్రం బాగానే వచ్చారు. గుమ్మం దగ్గర ఇద్దరు, మావయ్య తెరమీద తిన్న చెంపదెబ్బలు గుర్తుచేసుకుని నవ్వుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. పగలు పోర్టులో ఉద్యోగం, సాయంత్రమైతే నాటకం. జమీందారు, పిచ్చివాడు, గయ్యాళి అత్తగారు, ఏ వేషమిచ్చినా కట్టేవాడు. నాటకం అయ్యాక కొబ్బరినూనెతో ముఖం మీద రంగు తుడుచుకుంటూ ముందు నన్నే అడిగేవాడు, "ఎలగుందే గుంటా?" అని. బాగుందంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎక్కడ ఇసుగెత్తిందో అది సెప్పు."

నవ్వించే వేషాలే ఎక్కువ వేసినా, ఆయన ప్రాణం పెట్టి ఆడింది వేరే నాటకం. అందులో ఆయన, సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని కొడుకు కోసం ఒడ్డున ఎదురుచూసే తండ్రి. చివర్లో మా పేటలో ఎలా ఏడుస్తారో అలాగే, మా మాటల్లోనే ఏడ్చేవాడు. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఆడినప్పుడు తెర దించాక కూడా జనం కుర్చీల్లోంచి లేవలేదు. ఒకసారి రైల్లో ఆ ఏడుపే సాధన చేస్తుంటే, పక్కన చేపలమ్మే ముసలమ్మ ఆయన తల నిమిరి, "ఊరుకో బాబూ, ఏటయ్యింది?" అందట. నాటకం అని చెప్పేసరికి, "నీ నాటకం తగలెయ్య" అని తన కళ్ళు తుడుచుకుందట. ఆ తిట్టు చెప్పుకుని ఎంత మురిసిపోయేవాడో.

తర్వాత సినిమా పిలిచింది. దొంగ, వాచ్‌మన్, పాలేరు. ఆయన నోరు తెరిస్తే చాలు, హాలంతా నవ్వు. మేం ఇంట్లో మాట్లాడుకునే మాట వాళ్ళకి జోకు. నేను కోప్పడితే, "నవ్వనీయే, నవ్వితేనే కదా పిలుత్తారు" అనేవాడు.

ఏళ్ళు గడిచాక ఒక సినిమాలో, శవమై ఒడ్డుకొచ్చిన కొడుకుని చూసి ఏడ్చే తండ్రి వేషం దొరికింది. షూటింగ్ నుంచి వచ్చి పేటంతా చెప్పాడు, "ఈసారి నవ్వరు, సూడండి" అని. విడుదల రోజు పూర్ణా మార్కెట్ దగ్గర హాలుకి అందరం వెళ్ళాం. ఆ సీను వచ్చింది. మావయ్య నోరు కదిలింది. గొంతు ఆయనది కాదు. ఎవరో రేడియోలో వార్తలు చదివినట్టు, పుస్తకం తెలుగులో ఏడ్చాడు.

"ఆడెవడే, మీ మావయ్య నోట్లోంచి ఏడుత్తన్నాడు?" అంది అత్త. 

ఇంటికొచ్చాక నేనే నిలదీశాను. షూటింగ్ అయ్యాక డబ్బింగ్‌కి వెళ్తే, మీ యాసలో ఏడిస్తే జనం నవ్వుతారండీ, వేరేవాళ్ళతో చెప్పిస్తాం అన్నాడట డైరెక్టరు.

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంతాను? నవ్వీసి వచ్చీసినాను."

ఆ తర్వాత ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. ఎవరడిగినా గొంతు బాగోలేదనేవాడు. గొంతు నిక్షేపంలా ఉంది. చచ్చిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపతాపాలు ఉండకూడదంటారు. నాకున్నాయి. నవ్వించే బతుకునిచ్చి, ఒక్క ఏడుపు ఆయన దగ్గర్నుంచి లాక్కున్నారు. నేను క్షమించను.

పోయిన రోజున ఒక టీవీ చానల్ వాళ్ళు వచ్చారు. అత్త శవం మీద పడి, "నన్నొగ్గీసి ఎలిపోనావేటి బావా, నానెవులితో మాటాడనురా" అని గుండెలు బాదుకుంటుంటే వీడియో తీసుకున్నారు. కెమెరా పట్టుకున్న మనిషి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం, మావయ్యని చూపిస్తున్నారంటూ ఎదురింటాయన వచ్చి అత్తావాళ్ళ టీవీ పెట్టాడు. ముందు చెంపదెబ్బలు, తర్వాత అత్త. అత్త నోరు కదులుతోంది. మాట తీసేసి, దాని మీద వేణువు వేశారు.

"సౌండు పెంచండ్రా" అంది అత్త.

పెంచారు. వేణువే ఇంకా గట్టిగా వినబడింది.