వెనక చక్రానికి సీసం

తొంభైల్లో సూరత్‌లో, వరాఛా దగ్గర ఒక టైర్ల దుకాణంలో నేను కారు చక్రాలకు, తిరిగేటప్పుడు అదరకుండా, బ్యాలెన్సింగ్ చేసేవాణ్ణి. ఇంట్లో మిగతా అందరూ సాంచల మనుషులే. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. ఆ చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. చడీచప్పుడు లేకుండా పోయే బండిని చూస్తే మాత్రం ప్రాణం లేచొచ్చేది.

సాంచల దుమ్ముకు బాపు ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. కరీంనగర్ వైపు మా ఊళ్లోనే కన్ను మూయాలని బాపు పట్టుబట్టాడు. అద్దెకు ఒక వ్యాన్ మాట్లాడాను. ఎముకలే మిగిలిన ఆ ఒంటికి దారిలో ఒక్క అదురు కూడా తగలకూడదని నాలుగు చక్రాలూ విప్పాను.

మూడు మాట విన్నాయి. వెనకది ఒకటి మొండికేసింది. రిమ్ ఏ గుంటలోనో పడి వంకరపోయింది. రిమ్‌లో బరువెక్కువున్న వైపే టైరు బరువు వైపూ వచ్చి కూర్చుంది. టైరును సగం తిప్పి ఎక్కిస్తే కొంత తగ్గింది కానీ వంకర ఎక్కడికి పోతుంది? ఎదుటి వైపు సుద్దతో గుర్తులు పెట్టి, బరువు సరితూగేలా సీసం ముక్కల్ని వరసగా కొట్టాను. దుకాణం సేఠ్ చూసి, "ఇత్నా వజన్? రిమ్ ఫేంక్ దే" అని, ఇంత బరువెందుకు, రిమ్ పారేయమని నవ్వాడు. కొత్త రిమ్ కొనే తాహతే ఉంటే వాడి నవ్వు ఎందుకు భరిస్తాను? చివరికి చక్రం దారికొచ్చింది.

గ్లాసులో నీళ్లు తొణకనంత మెత్తగా సాగింది వ్యాన్. నాలో నేనే మురిసిపోయాను. వెనక సీట్లో అమ్మ ఒడిలో తలపెట్టుకున్న బాపు మాత్రం కళ్లు మూయలేదు. ధూళే పట్టణం దాటినా అంతే.

"ఏందిరా, సాంచలు బందైనయా?" అన్నాడు.

"బండ్ల ఉన్నం బాపూ. ఊరికి పోతున్నం."

"గిట్ల సప్పుడు లేకుంటె నిద్రెట్ల వడ్తదిరా? జర నడిపియ్యి."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సూరత్‌లో, నవాగామ్‌లోని మా గది గోడకు అవతలే సాంచలు. గోడ, మంచం, నీళ్ల బిందె అన్నీ అదిరేవి. బాపు అన్నేళ్లూ ఆ అదురులోనే నిద్రపోయాడు. నాకు ఒళ్లుమంట తెప్పించిందే ఆయనకు జోలపాట.

బండి ఆపించి, ఆ వెనక చక్రానికి కొట్టిన సీసమంతా పట్టకారుతో పీకి జేబులో వేసుకున్నాను. డ్రైవర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. మళ్లీ కదిలాక సీటు సన్నగా అదరసాగింది.

"ఆఁ, నడుస్తున్నయ్" అన్నాడు బాపు. కాసేపటికే రెప్పలు వాలాయి.

ఊరు రాగానే అమ్మ లేపింది. బాపు లేవలేదు.

మర్నాడు తిరిగి వెళ్లేముందు డ్రైవర్ సీసం మళ్లీ కొట్టమన్నాడు. సుద్దగుర్తులు చూసుకుని కొట్టాను. వ్యాన్ మెత్తగా వెళ్లిపోయింది. అరుగు మీద కూర్చున్న అమ్మ పక్కన చేరి, కాసేపు పడుకొమ్మన్నాను.

"యాడ వడ్తదిరా నిద్ర?" అంది గోడ మీద అరచెయ్యి పెట్టి. "ఇది కదుల్తనే లేదు."