పొడుగు గుండ్లు, పాత డై

తుపాకి మందు పోయని తొమ్మిది నమూనా తూటాలను బల్ల మీద వరసగా నిలబెట్టి ఓడ్వార్ కొలిచాడు. కొన దాకా కొలిస్తే తొమ్మిదీ ఒకటే పొడవు. భుజం దాకా కొలిస్తే ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవలేదు. మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే తీరు.

భుజమంటే, కొన దగ్గర సన్నగా మొదలైన గుండు పూర్తి లావుకు వచ్చే చోటు. తుపాకి గొట్టంలో ముందు తగిలేది అదే. అది ఒక్కో తూటాలో ఒక్కోచోట ఉంటే గురి కూడా ఒక్కో దారి పడుతుంది. ఇది ఓడ్వార్‌కు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. రంపపు మిల్లులో పళ్లకు పదును పెట్టి రిటైరైన మనిషి, ఓస్టర్‌డాలెన్ లోయలో మా ఎల్క్ దుప్పుల వేట జట్టు పదిమందికీ ముప్పై రెండేళ్లుగా తూటాలు కూర్చి ఇస్తున్నవాడు. గురి తప్పి తూటాను ఎవరైనా ఆడిపోసుకుంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని మొహం మీదే అనేవాడు. ఇప్పుడు మద్దెల తన చేతికొచ్చింది.

చిక్కంతా కొత్త గుండ్లతో వచ్చింది. అడవిలో మేం వదిలేసిన పేగుల్లోని సీసం ముక్కలు తిని గద్దలు చస్తున్నాయని ఈ ఏడు జట్టంతా సీసం మానేసి రాగికి మారింది. రాగి తేలిక. అదే బరువు రావాలంటే గుండు పొడుగవుతుంది, కొన సన్నబడుతుంది. ఆ గుండును ఇత్తడి తొడుగులోకి దించేది డై. దాని లోపలి కడ్డీకి చివర చిన్న గిన్నె లాంటి గుంట ఉంటుంది, అది గుండు నెత్తిన కూర్చుని కిందికి నొక్కుతుంది. కడ్డీని ఎంత దించాలో పైనున్న మర చెబుతుంది.

ఓడ్వార్ పొద్దున్నుంచీ ఆ మరనే తిప్పుతున్నాడు. పావు చుట్టు కిందికి, కాస్త పైకి. ఇందాక తిప్పింది పైకా, కిందికా? కాగితం చూసుకున్నాడు. "పావు చుట్టు" అని మూడుసార్లు రాసి ఉంది, ఎటో రాయలేదు. ఈ వయసులోనే వాళ్లమ్మ కాఫీ కూజాను కట్టెల కొట్టంలో దాచి ఇల్లంతా వెతికింది. కూజా అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మందు పోశానో లేదో మరిచి ఒకే తొడుగులో రెండుసార్లు పోస్తే, తుపాకి పేలేది పేల్చినవాడి మొహం మీద.

స్వన్‌హిల్డ్ కాఫీ తెచ్చి పెట్టింది. నలభై ఐదేళ్ల కాపురం, గుమ్మంలోంచే భర్త మొహం చదివేస్తుంది.

"ఇంకా ఆ తొమ్మిదేనా? పొద్దున్నుంచీ కొలతలు తీస్తున్నావు, వాటికేమైనా పెళ్లిబట్టలు కుట్టిస్తావా?"

"తప్పు డైదో నాదో తెలియట్లేదు."

"డై నీకంటే పడుచుదేలే," అంటూ ఆమె వెళ్లిపోయింది.

ఆ మాట గుచ్చుకుంది. సొరుగులాగి నల్ల సిరా పెన్ను తీశాడు. ఒక గుండుకు నిలువెల్లా సిరా పూసి, ఆరాక డైలో నొక్కి బయటికి తీశాడు. భుజం చుట్టూ ఉంగరంలా గీత పడాలి. అక్కడ సిరా చెక్కు చెదరలేదు. కొన మీద మాత్రం చుక్కంత మేర రాగి మెరుస్తోంది.

పాత పొట్టి గుండ్లకు చేసిన గిన్నె అది, లోతు చాలదు. భుజాన్ని పట్టేలోపే కొన అడుగున తగిలి ఆగిపోతోంది. ఆ కొనలేమో ఏ రెండూ ఒకేలా లేవు. అందుకే కొన కొలత కలిసింది, భుజం కొలత కలవలేదు.

"తల నాది బాగానే ఉంది, డైదే తప్పు," అని వంటింట్లోకి వినబడేలా అరిచాడు. సంతోషం పట్టలేక పట్నంలోని దుకాణానికి ఫోన్ చేశాడు.

"హాల్‌గైర్, పొడుగు గుండ్లకు లోతు గిన్నె ఉన్న కడ్డీ కావాలోయ్. ఎట్లా పట్టుకున్నానో చెప్తా విను. గుండుకు సిరా పూసి..."

"కొన మీదే గీసుకుపోయింది. చెప్పావుగా."

"ఎప్పుడు?"

"మే నెలలో. నీకోసమే తెప్పించా, నువ్వే వచ్చి పట్టుకుపోయావు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావేంటి?" అని హాల్‌గైర్ నవ్వాడు. ఓడ్వార్ కూడా నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆ కడ్డీ పొట్లం, సిరా పెన్ను ఉన్న సొరుగులోనే, వెనకవైపు ఉంది. "పొడుగు రాగి గుండ్లకు" అని పైన తన రాతే. దానికి ఆనించి ఇంకో గుండు, నిలువెల్లా నల్ల సిరా, కొన మీద మెరిసే చుక్క.

ఆ మే నెల రోజు ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. తర్వాత కొత్త కడ్డీ బిగించి అయిదు తూటాలు కూర్చాడు. అయిదింటికీ భుజం ఒకేచోట, వెంట్రుకంత తేడా లేదు. చేతులకు అన్నీ గుర్తున్నాయి. అరలోని మందు డబ్బాను మాత్రం ముట్టుకోలేదు.

మధ్యాహ్నం డై పెట్టె, మందు డబ్బా తీసుకుని జట్టు పెద్ద సిగ్రున్ ఇంటికి నడిచాడు. ఆమెకు చిన్నప్పుడు తుపాకి పట్టడం నేర్పింది అతనే.

"తూటాలు అయ్యాయా?"

"డై సరిచేశాను. ఈ ఏటి నుంచి మందు నువ్వు పొయ్యి."

"నేనా? ఇన్నేళ్లూ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడేమైంది?"

ఓడ్వార్ జేబులోంచి రెండు నల్ల గుండ్లు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"రెండిటికీ సిరా పూసింది నేనే. ఒకదాని సంగతే నాకు గుర్తుంది."

సిగ్రున్ గుండ్ల వంక, అతని వంక చూసింది. బల్ల మీది జున్ను పళ్లెం పక్కకు జరిపి, అతనికి కుర్చీ లాగింది.

"సరే, కూర్చో. మొదటిదానికి ఎంత పొయ్యాలో చెప్పు."

ఓడ్వార్ చెప్పాడు. చెప్పి, తన పాత పుస్తకం తెరిచి ఆమె ముందుకు తోశాడు.

"నేను చెప్పింది ఇందులో సరిచూసుకున్నాకే పొయ్యి."