మందు పెట్టి తీసే ఫోటో

కొత్తగూడ సాయమ్మ మనుషుల్ని నమ్మేది కాదు. మాటవరసకి అనడం లేదు. ఎవరింట్లోనూ మంచినీళ్లయినా ముట్టేది కాదు. అద్దాల మేడలు లేస్తున్న ఆ రోజుల్లో, అంటే తొంభై తొమ్మిది ఎండాకాలంలో, అక్కడి మేస్త్రీలకూ కూలీలకూ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఆవిడ చేతి రొట్టె ఊరంతా తినాలి, ఆవిడ మాత్రం ఎవరి చేతిదీ తినదు. నాకు ఆమెతో పరిచయం నాలుగంటే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఆమె నన్ను అనుమానించినంతగా, కట్టుకున్న నా గ్రేస్ కూడా ఇరవై ఏళ్లలో నన్ను అనుమానించలేదు.

నా పేరు కృపానందం. గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు ఎక్స్‌రేలు తీశాను. గ్రేస్‌కి మియాపూర్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చిపడ్డాం. చందానగర్ బజారు వెనక రామ్మోహనరావు గారని రిటైరైన పశువుల డాక్టరు కుక్కల ఆసుపత్రి పెట్టి, ఎక్కడో మనుషుల ఆసుపత్రిలో తీసేసిన ఎక్స్‌రే మిషను కొన్నారు. దాన్ని తిప్పేవాడు లేక నన్ను పెట్టుకున్నారు. మనిషైతే ఊపిరి బిగపట్టమంటే బిగపడతాడు. కుక్కకి ఏ భాషలో చెప్పను? అది ఊపిరి వదిలి మళ్లీ పీల్చేలోపు ఉన్న ఆ రెప్పపాటులో బటన్ నొక్కాలి. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ఉద్యోగంలో చేరాక అది దిగనే లేదు.

సోమవారం పొద్దున సాయమ్మ ఆటోలో కుక్కను తెచ్చింది. పేరు బుజ్జి. ఊరకుక్కే, గోధుమరంగు, నాలుగేళ్ల ఆడది. ఐదు రోజులుగా తిన్నది తిన్నట్టు కక్కేస్తోంది, నీళ్లు కూడా నిలవడం లేదు. ఎవరో ఏదో చేశారని ఆమె డాక్టరు గారికి చెప్పడం లోపలి గదిలో ఉన్న నాకు సగం సగం వినిపించింది. చెవిన వేసుకోలేదు. ఏం తిందని డాక్టరు గారు అడిగితే మాత్రం గట్టిగా చెప్పింది, తన చేతిది తప్ప బుజ్జి ఎవరిదీ ముట్టదని.

ఎక్స్‌రే గదిలోకి వచ్చాక మొదలయ్యాయి ప్రశ్నలు. నేను సీసం కోటు తొడుక్కుంటుంటే, నువ్వెందుకు తొడుక్కుంటున్నావు, దానికెందుకు తొడగవు అంది. ఫిలిం కడగడానికి చీకటి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే, లోపల ఏం చేస్తున్నావని తలుపు కొట్టింది. తడి ఫిలిం దీపానికి పట్టి చూపిస్తే, ఇది బుజ్జి కడుపేనని ఎట్లా నమ్మాలంది. నాకు తలప్రాణం తోకకు వచ్చింది. ఇంతా చేస్తే ఆ ఫిలింలో ఏమీ తేలలేదు. పేగుల్లో అక్కడక్కడా గాలి తప్ప మరేమీ కనిపించలేదు. లోపల ఏదో అడ్డుపడిందని డాక్టరు గారికి అనుమానం. బేరియం తాగించి మళ్లీ తియ్యమన్నారు. బేరియమంటే తెల్లటి పొడి. నీళ్లలో కలిపి తాగిస్తే అది పేగు వెంట నడుస్తూ ఫిలింలో తెల్లగా కనిపిస్తుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడ అడ్డం ఉన్నట్టు.

మా పాత ఆసుపత్రిలో దాన్ని ‘మందు పెట్టి తీసే ఫోటో’ అనేవాళ్లం. నోటికి అదే అలవాటు. గ్లాసులో పొడి కలుపుతూ, ఆమె వైపైనా చూడకుండా అన్నాను: “బుజ్జికి మందు పెట్టాలమ్మా, కాస్త గట్టిగా పట్టుకో.”

ఆమె నా మొహం చూసింది. గ్లాసులోని తెల్లటి నీళ్లు చూసింది. కుక్కను ఎత్తి భుజాన వేసుకుని, పరుగులాంటి నడకతో బయటికి వెళ్లిపోయింది. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏమన్నావయ్యా ఆమెను అని డాక్టరు గారు నా మీద విరుచుకుపడ్డారు. నేనేమన్నాను? నాకైతే ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం గ్రేస్‌కి చెబితే ముందు నవ్వింది. తరువాత నవ్వడం మానేసింది. “కుక్కకి మందు పెట్టడమంటే ఏంటండీ? చంపడమే కదా. వీధికుక్కలకి మాంసంలో కలిపి పెట్టేదాన్ని మీ ఊళ్లో ఏమంటారు?” అంది. మా ఊళ్లోనూ అదే అంటారు. మనిషికి మందు పెట్టారంటే మనసు విరిచి తిప్పుకోవడానికి తిండిలో ఏదో కలిపారని. కుక్కకి పెట్టారంటే ఇక అంతే సంగతులు. పద్దెనిమిదేళ్లు ఆసుపత్రి గోడల మధ్య ఉండి ఆ మాటకి బయట ఏమర్థమో మరిచిపోయాను. చేతిలో తెల్లటి గ్లాసు పట్టుకుని మరీ అన్నానే అని సిగ్గేసింది. నా మీద నాకే కోపం వచ్చింది.

మంగళవారం స్కూటరు మీద కొత్తగూడ వెళ్లాను. రొట్టెల సాయమ్మంటే అడిగినవాళ్లందరూ చూపించారు. రేకుల గుడిసె. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది, లోపలికి రానివ్వలేదు. ఆమె వెనక బుజ్జి పడుకుని ఉంది. లేవలేదు కానీ నన్ను చూసి తోక ఆడించింది. అది మందు కాదు, సుద్దలాంటిది, కడుపులో నిలవదు, ఎలా వెళ్లిందో అలా బయటికొచ్చేస్తుంది అని ఓపిగ్గా చెప్పాను. ఆమె అంతా విన్నది.

“నిన్న మందన్నవ్. ఇయ్యాల సుద్దంటున్నవ్. రేపేమంటవ్ సారూ?”

నిన్ను ఎవరు పంపిండ్రంది. ఎవరూ పంపలేదంటే నమ్మదు. గుడిసె తీసెయ్యమని పక్కన మేడ కట్టిస్తున్న మేస్త్రీ పోరుతున్నాడట, అతని మనిషినేమోనని ఆమె అనుమానం. ఇంత దూరం వచ్చి ఇన్ని మాటలు పడుతున్నానన్న ఉక్రోషంలో నాకూ అనుమానం పుట్టింది. కుక్క ఏం తిందని మళ్లీ అడిగితే చూపు తప్పించింది. ఈవిడే ఏదో పెట్టి దాస్తోందని అనుకున్నాను. అనుకుని ఊరుకోక, నీ కుక్క నీ చేతిలోనే చస్తుందని అరిచి వచ్చేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ తలుచుకుంటే మింగుడుపడదు.

నేను వెళ్లాక ఆమె బుజ్జిని మియాపూర్‌లో యాదయ్య దగ్గరికి తీసుకెళ్లింది. ఎవరైనా మందు పెడితే దాన్ని కక్కించేవాడతను. మనుషులకు చేసే వైద్యమే కుక్కకూ చేసి, ఏదో పసరు తాగించాడు. పచ్చటి నీళ్లు తప్ప ఏమీ పడలేదు. మందు లోతుకు దిగిపోయింది, నా చేతిలో లేదు అన్నాడట. అందుకని బుధవారం పొద్దున్నే మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. బుజ్జి తల ఆమె చేతి మీద వేలాడుతోంది. చిగుళ్లు తెల్లబడ్డాయి. డాక్టరు గారు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యొద్దన్నారు. నేను బేరియం కలిపాను. సాయమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ముందుగాల నువ్వు తాగు.”

తాగాను. ఏం చెయ్యను? సున్నంలో పిండి కలిపినట్టుంది. సగం తాగి గ్లాసు దించితే, మొత్తం తాగమంది. అంతా తాగాక ఇక ఇవ్వనా అంటే, ఆగమంది. మందైతే గంటలో తెలుస్తదట. బల్ల మీద నాకెదురుగా కూర్చుని, నా పెదాలు చూస్తూ, నురగ వస్తుందేమోనని కాపలా కాసింది. డాక్టరు గారు బతిమాలారు. నేను బతిమాలాను. గడియారం వైపు చూసేది, నా వైపు చూసేది. కదల్లేదు.

ఆ గంటలోనే ఆమె బతుకంతా చెప్పింది. పెనిమిటి ఆరేళ్లు బాగానే ఉన్నాడట. తరువాత చందానగర్‌లో ఒకామె దగ్గర భోజనానికి అలవాటుపడి ఇటు మొహం చూడటం మానేశాడట. అతనికి ఆమె కూరలో మందు పెట్టిందని సాయమ్మ గట్టి నమ్మకం. లేకుంటే ఎందుకు పోతడు సారూ అంది. తరువాత తోడుకని కుక్కల్ని పెంచుకుంది. బుజ్జికి ముందు మూడు. మూడూ ఎవరో విసిరిన మాంసం తిని నురగలు కక్కుకుని పోయాయి. మూడో దాన్ని ఒళ్లో పెట్టుకునే ఉందట అది పోతున్నప్పుడు. బుజ్జి కూడా పోతే గుడిసెలో తనతో మాట్లాడేదానికి ఎవరున్నారంది. నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. నా నోట నురగ రాలేదు. సరిగ్గా గంటకు లేచి, ఇగ పట్టు సారూ అంది.

బుజ్జికి బేరియం కొంచెం కొంచెంగా పట్టించి ఫిలింలు తీశాను. మొదటి దాంట్లో తెలుపు కడుపులోనే ఉంది. గంట తరువాత తీసిన ఫిలిం నీళ్లోడుతుండగానే డాక్టరు గారికి పట్టుకెళ్లాను. లంగాకి బొందు లాగితే కుచ్చిళ్లు పడతాయే, పేగంతా అలా ఒక దగ్గరికి ముడుచుకుపోయి ఉంది. ఇది విషం కాదయ్యా, లోపల దారమో గుడ్డపేలికో పొడుగ్గా సాగి పేగును లాగేస్తోంది అన్నారాయన. వెంటనే కడుపు కోశారు. నేను దీపం పట్టుకున్నాను. పేగు జానెడు మేర నల్లబడిపోయింది. ఆ ముక్క తీసేసి కుట్టారు. లోపలి నుంచి మూరెడు గుడ్డపేలిక వచ్చింది.

కడిగి ట్రేలో పెట్టాక రంగు తెలిసింది. ఆకుపచ్చ మీద పసుపు పూలు. బుజ్జి కింద పరిచిన పాత చీరా అదే. డాక్టరు గారు చీర వైపు చూశారు, నేనూ చూశాను. సాయమ్మ ట్రే మీదికి వంగి చూసింది.

“మూతికి కట్టెటిదాన్ని సారూ. నేను రొట్టెలకు పోయినప్పుడు ఎవడేసినా తినొద్దని.” పేలికను వేలితో తాకి, “ఊడవీక్కొని మింగినట్టుంది” అంది.

లోపల చేతులు కడుక్కుంటూ డాక్టరు గారు నాతో మెల్లగా చెప్పారు, సోమవారమే తెలిసి ఉంటే పేగు నల్లబడేది కాదని. సోమవారం పోయింది నా నోటి వల్ల. మంగళవారం నా అరుపులకీ ఆ పసరుకీ పోయింది. ఇందులో ఎవరి పాలెంతో పంచుకునే ధైర్యం నాకు లేకపోయింది.

బుజ్జికి ఆ రాత్రి ఎలాగో గడిచింది కానీ తెల్లారి నేను వెళ్లేసరికి చల్లబడిపోయి ఉంది. సాయమ్మ దాని పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. పాత చీర దాని మీద కప్పి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఇన్నాళ్లూ నా చేతులకేసి, నా గ్లాసుకేసి చూసిన మనిషి మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

“ఎవరో మందు పెట్టిండ్రు గద సారూ?”

ట్రే ఇంకా బల్ల మీదే ఉంది, పేలిక దాంట్లోనే ఉంది. ఆమెకు అది కనిపిస్తోంది. నాకూ కనిపిస్తోంది. మందు కాదు, మందు కాదని రెండు రోజులు గొంతు చించుకున్నవాణ్ణి. తాగి మరీ చూపించినవాణ్ణి. ఆమె కళ్లు తిప్పుకోకుండా నా జవాబు కోసం నిలబడి ఉంది. కాదంటే ఆమె ఆ గుడిసెకు ఏం మోసుకుని పోతుందో నాకు తెలుసు.

“అవునమ్మా. ఎవరో మందు పెట్టారు” అన్నాను.

ఆమె తల ఊపింది. వంగి బుజ్జిని చీరతో సహా చేతుల్లోకి ఎత్తుకుంది.

“నేను మొదాలే చెప్పిన గద సారూ. నువ్వే ఇనలే.”

“వినలేదమ్మా” అన్నాను.